ఒంటరి తల్లికి తోడుగా వెళ్ళేదెవరు?

(మస్జిద్ కమిటీ ఏర్పాటు చేసిన కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆలింను కాను, డాక్టరును కాను. రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. వితంతు పింఛను దరఖాస్తులు ఎన్నో నా బల్ల మీదుగా వెళ్ళాయి. మరణ ధ్రువపత్రం జతపరిచారా, రేషన్ కార్డు ఉన్నదా, ఆధార్‌లో పేరు సరిపోయిందా అని చూసేవాడిని. దరఖాస్తు ఇచ్చిన మనిషి ముఖం చూసేవాడిని కాదు. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈనాడు ఈ అంశం ఎంచుకున్నాను.

ఒక సోదరి గురించి చెబుతాను. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. పేరు చెప్పను, గుర్తుపట్టగల వివరాలు కూడా చెప్పను. భర్త చనిపోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. కుట్టుమిషనే జీవనాధారం. పింఛను పని మీద ఆమె మూడుసార్లు మా కార్యాలయానికి వచ్చింది. మూడోసారి సంతకం చేస్తుంటే చేయి వణికింది. "చాచా, రాత్రిళ్ళు నిద్ర రావడం లేదు. పిల్లలు ఏడుస్తున్నా లేవబుద్ధి కావడం లేదు. నాకేదైనా అయితే వీళ్ళ గతేమిటి?" అన్నది. "సబర్ చెయ్ బేటీ, అల్లాహ్ ఉన్నాడు" అని చెప్పి, నేను మరో ఫైలు అందుకున్నాను. నా మాటలో తప్పు లేదు. ఆ మాటతో నా బాధ్యత తీరిపోయిందనుకోవడమే తప్పు.

ఆ తరువాత దాదాపు ఏడాది ఆమె తిరగని చోటు లేదు. ఆర్‌ఎంపీ దగ్గర బలానికి ఇంజెక్షన్లు వేయించుకున్నది, సెలైన్ ఎక్కించుకున్నది. దిష్టి తీయించుకున్నది. గాలి సోకిందని ఎవరో అంటే తాయెత్తు కట్టించుకున్నది. కుట్టుకూలి అంతా వీటికే ఖర్చయింది. ఒక సాయంత్రం పక్కింటి ఖాలాతో, "నేను లేకపోతే నా పిల్లలను యతీంఖానాలో చేర్పించండి" అన్నది. ఖాలాకు చదువు రాదు. కాని ఆ మాటలో పొంచివున్న ప్రమాదాన్ని ఆమె గ్రహించింది. ఆ రాత్రి ఆ ఇంట్లోనే పడుకున్నది. తెల్లవారగానే మా ఇంటి తలుపు తట్టింది.

మేము జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రికి, మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్ళాము. ఖాలా ఆమె వెంట వచ్చింది. పిల్లలను నా భార్య చూసుకున్నది. డాక్టరు ఆమె చెప్పినదంతా ఓపికగా విని, ఇది డిప్రెషన్ అనే జబ్బు, దీనికి వైద్యం ఉన్నది అని చెప్పారు. మాత్రల గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని, కాస్త నెమ్మదించగానే సొంతంగా మానివేయకూడదని హెచ్చరించారు. కౌన్సెలింగ్‌కు కూడా రమ్మన్నారు. ఆమె పూర్తిగా కోలుకున్నదని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. ఇప్పటికీ కొన్ని రోజులు బరువుగానే గడుస్తాయి. కాని నిద్రపోతున్నది, మిషన్ తొక్కుతున్నది, పిల్లల చేత పాఠాలు చదివిస్తున్నది.

సోదరులారా! ఆసుపత్రి బస్సులో వెళ్ళగలిగేంత దూరంలోనే ఉన్నది. అక్కడికి చేరడానికి ఏడాది ఎందుకు పట్టింది? నేను ఆమెనే అడిగాను. "ఒక రోజు పోతే ఆ రోజు కూలి పోతుంది. బడి నుంచి వచ్చే పిల్లలకు తలుపు తీసేవారుండరు. ఒంటరిగా ఎక్కడికి పోయిందని వీధి వీధంతా అడుగుతుంది. పిచ్చాసుపత్రికి పోయిందని తెలిస్తే అత్తవారు పిల్లలను లాక్కుంటారు" అన్నది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ డాక్టరు తీర్చగలిగేది కాదు. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు జబ్బుపడినప్పుడు రెండవవారు పిల్లలను చూస్తారు, చీటీ రాయిస్తారు, వేళకు మాత్ర గుర్తుచేస్తారు. ఒంటరి తల్లికి కొరవడినది ఆ రెండవ మనిషే. తలాఖ్ పొందిన స్త్రీ, భర్త విడిచిపెట్టిన స్త్రీ, భార్యను పోగొట్టుకొని పిల్లలను సాకుతున్న పురుషుడు, అందరిదీ ఇదే పరిస్థితి. పురుషుడైతే తన కన్నీటిని మరింత లోతుగా దాచుకుంటాడు.

ఇక మనలో కొందరికి ఒక సందేహం ఉన్నది. మనసు బాగోలేదని డాక్టరు దగ్గరకు పోవడం ఈమాన్‌లో లోపమా? హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుతో దుఃఖించి దుఃఖించి చూపు కోల్పోయారని దివ్య ఖుర్ఆన్ మనకు తెలియజేసింది. ఆయన ఈమాన్‌ను శంకించగలవారెవరు? హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా), అబూ తాలిబ్ మరణించిన ఏడాదిని మన చరిత్రకారులు దుఃఖ సంవత్సరమనే పేర్కొన్నారు. జబ్బుకు వైద్యం చేయించుకోండని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. శరీరానికి, మనసుకు కలిగే రుగ్మతలను రెంటినీ ఒకే గ్రంథంలో చర్చించిన అబూ జైద్ అల్ బల్ఖీ క్రీ.శ. 934లో మరణించారు. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకూ చోటుండేది. ఈ వైద్యం మనకు పరాయిది కాదు.

హజ్రత్ హాజిరాను తలచుకోండి. ఎడారిలో పసిబిడ్డతో ఒంటరిగా మిగిలిన తల్లి. అల్లాహ్ మీద ఆమెకున్నంత భరోసా మనలో ఎవరికున్నది? అయినా ఆమె చేతులు కట్టుకొని కూర్చోలేదు. సఫా, మర్వా కొండల నడుమ ఏడుసార్లు పరుగెత్తింది. సాయం కోసం ఆ తల్లి చేసిన ఆ వెతుకులాటనే అల్లాహ్ హజ్‌లో, ఉమ్రాలో భాగం చేశాడు. వెతకడం కూడా సబర్‌లో భాగమే. భర్త మరణించిన స్త్రీ నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉన్నప్పటికీ, అవసరమైన వైద్యానికి బయటకు వెళ్ళవచ్చునని ఉలమాలు చెబుతారు. దుఆ మానవద్దు, మాత్రా మానవద్దు.

ఇప్పుడు చట్టం సంగతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం ప్రభుత్వ సంస్థల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అక్కడ చికిత్స ఉచితం. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. మూడేళ్ళలోపు బిడ్డ ఉన్న తల్లి ఆసుపత్రిలో చేరవలసివస్తే, సాధారణంగా ఆ బిడ్డను ఆమె నుంచి వేరు చేయరాదు. మానసిక అనారోగ్యం ఉన్నదని నిర్ధారించినంత మాత్రాన, న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప, ఆ మనిషిని మతిస్థిమితం లేనివారిగా పరిగణించరాదు. కాబట్టి పిల్లలను లాక్కుంటామని ఎవరైనా బెదిరిస్తే, ఓపీ చీటీ ఒక్కటే వారికి ఆయుధం కాజాలదని ఆ తల్లికి చెప్పండి. చికిత్స తీసుకుంటున్న తల్లి బిడ్డల మేలు కోరే తల్లి.

ఎర్రగడ్డ, వాల్తేరు అనే పేర్లను తిట్లుగా వాడే అలవాటు మన ఇళ్ళలోనూ ఉన్నది. దయచేసి మానండి. అంతదూరం వెళ్ళవలసిన అవసరం కూడా అందరికీ ఉండదు. బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 14416 అనే నంబరుకు ఫోను చేస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ దొరుకుతుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలు నిద్రపోయాక, కూలి పోగొట్టుకోకుండా, ఇంట్లో నుంచే మాట్లాడుకోవచ్చు.

కమిటీ పెద్దలకు నా విన్నపాలు నాలుగు.

మొదటిది, నమాజు వేళల పట్టిక పక్కనే 14416 నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. స్త్రీలకు కనబడేచోట కూడా రాయించండి.

రెండవది, మహల్లాకు ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులైన స్త్రీలను ఎంచుకోండి. ఓపీ రోజున ఒకరు ఆ తల్లి వెంట వెళ్ళాలి, మరొకరు పిల్లలను చూడాలి. బస్సు ఛార్జీలకు, ఆ రోజు పోయే కూలికి బైతుల్ మాల్ నుంచి సాయం అందించండి.

మూడవది, విన్నది గుండెలోనే దాచండి. ఆసుపత్రికి తోడు వెళ్ళినవారే వీధిలో చెబితే, రెండవ తల్లి మన దగ్గరకు రాదు.

నాలుగవది, ఎవరైనా చావు మాట ఎత్తితే కోప్పడకండి, నరకం గురించి ఉపన్యసించకండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు అందకుండా తీసివేయండి. 14416కు ఫోను చేయండి. ప్రాణాపాయంగా ఉంటే 108ని పిలవండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని 2017 చట్టం చెబుతున్నది. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేయకండి.

నా బల్ల ముందు నిలబడిన ఆ సోదరితో నేను చెప్పవలసిన మాట వేరే ఉండింది. "రేపు ఆసుపత్రికి వెళ్దాం బేటీ, మీ చాచీ కూడా వస్తుంది" అని చెప్పవలసింది. ఆ మాట ఖాలా చెప్పింది, నేను చెప్పలేకపోయాను. ఈ సభ నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు మీ వీధిలో ఒంటరిగా బిడ్డలను సాకుతున్నవారు ఎవరో ఒక్కసారి గుర్తుచేసుకోండి. రేపు ఫజర్ తరువాత మీ ఇంటి ఆడవారిని ఆ తలుపు తట్టమనండి.

దుఃఖంలో ఉన్నవారికి అల్లాహ్ ఊరటనిచ్చుగాక, వారికి తోడు నడిచే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.