పంచి ఇచ్చువారు తమ్మును తాము పరీక్షించుకొనుట
(అధ్యక్ష మండలములోని విద్యాసహాయ నిధుల కమిటీ సభ్యుల కూటములో చేసిన ప్రసంగము)



మన పాస్టరేటులలో చిన్న చిన్న నిధులు అనేకము ఉన్నవి. ఎవరో పెద్దలు తల్లిదండ్రుల జ్ఞాపకార్థము కొంత సొమ్ము బ్యాంకులో వేసి, దాని వడ్డీతో బీదపిల్లలను చదివించుడని అప్పగించిపోయిరి. ఐదారుగురు కమిటీగా కూర్చుండి, దరఖాస్తులు చూచి, ఎవరికెంత ఇవ్వవలెనో నిర్ణయించుచున్నారు. మేమును అట్టి ఒక కమిటీ వారమే. గనుక మీకు చెప్పబోవునది ఉపదేశము కాదు, మాకు జరిగిన సంగతి.

రెండేండ్ల క్రిందట జూలై నెలలో, ఇంటర్వ్యూలు ముగించి కాగితములు సర్దుకొనుచుండగా, కుమారుని వెంటబెట్టుకొని వచ్చిన ఒక తండ్రి తలుపు దగ్గర ఆగి, "అయ్యగారూ, మీరు మమ్మల్ని అన్నీ అడిగారు గదా. నిరుడు మా పెద్దమ్మాయికి ఎందుకు ఇవ్వలేదో ఒక్క మాట చెప్పండి" అనెను. కోపముతో అడుగలేదు. మినిట్స్ పుస్తకము తీసి చూచితిమి. ఆ పేరుకెదురుగా "మంజూరు కాలేదు" అని మాత్రమే ఉన్నది. మాలో ఒక్కరికిని కారణము జ్ఞాపకము లేదు. ఆ అమ్మాయి నర్సింగు సీటు వదలుకొని బట్టల దుకాణములో పనికి కుదిరినదట. మేము తెప్పించిన టీ అట్లే చల్లారిపోయినది.

మరుసటి నెలలో మమ్మును మేము పరీక్షించుకొందమని కూర్చుంటిమి. మొదటిసారి చేసిన పని తలచుకొనిన నవ్వు వచ్చును. పది అంశములు వ్రాసి, ఒక్కొక్కదానికి ఐదు మార్కులు పెట్టితిమి. నిష్పక్షపాతము, నాలుగు. సమయపాలన, నాలుగు. అందరును అన్నిటికిని నాలుగే వేసికొనిరి. ఐదు వేసికొనుటకు సిగ్గు, మూడు వేసికొనుటకు మనసొప్పదు. పైగా అయ్యగారు అధ్యక్షస్థానములో కూర్చుండగా, కమిటీ పని బాగులేదని నోరు విప్పువారెవరు?

రెండవసారి పద్ధతి మార్చితిమి. మార్కులు తీసివేసితిమి. ప్రతి ప్రశ్నకు ఒక తేదీయో, అంకెయో, కాగితమో జవాబుగా ఉండవలెను. ఎవరికి వారు ఇంటి వద్ద పేరు లేకుండ వ్రాసి, మా కమిటీలో లేని ఒక రిటైర్డు హెడ్‌మాస్టరుగారికి కవరులో అందజేయవలెను. ఆయనది వేరొక పాస్టరేటు, మొగమాటము లేదు. ఆయన చదువుచుండగా మేము విద్యార్థులవలె కూర్చుంటిమి.

"నిధి పత్రమును మీరెప్పుడు చదివితిరి?" అనునది మొదటి ప్రశ్న. ఏడుగురిలో ఐదుగురము ఎన్నడును చదవలేదు. మేము ఏటేట కళాశాల ఫీజులకే ఇచ్చుచుంటిమి. నిధి పెట్టిన నాటికి అది సరియే. కాని 2008 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినది. ఆ సొమ్ము ఆలస్యముగా వచ్చుట వేరే కథ. నేడు మన పిల్లలు ఎక్కువగా ఆగిపోవుచున్నది హాస్టలు మెస్సు బిల్లు దగ్గర, బస్సు పాసు దగ్గర, పరీక్ష ఫీజు దగ్గర. పత్రమును మీరి ఖర్చుపెట్టు అధికారము కమిటీకి లేదు. అయితే దేవుని దయవలన మా పత్రములో "విద్యకు సంబంధించిన ఇతర అవసరములు" అను మాట కూడ ఉన్నది. ఇన్నేండ్లు దానిని చూచినవారు లేరు.

డబ్బు సంగతి. 2012 ప్రాంతములో సుమారు 9 శాతము వచ్చిన బ్యాంకు డిపాజిట్ల వడ్డీ 2020 నాటికి 5 శాతము దరికి దిగినది. ఐదు లక్షల మీద 45 వేలు వచ్చిన చోట 25 వేలు. మేము మాత్రము పిల్లల సంఖ్య తగ్గింపక, తలకు ఇంతని తగ్గించుచు వచ్చితిమి. చివరకు ఒక్కొక్కరికి అందినది నెల రోజుల మెస్సు బిల్లుకైనను చాలదు. అందరికి కొంచెము కొంచెము ఇచ్చినచో ఎవరును మనలను నిందింపరు. అది కమిటీకి సుఖమే గాని పిల్లలకు మేలు కాదని ఇప్పుడు మా అభిప్రాయము. విదేశములనుండి సొమ్ము వచ్చిన సంస్థ ఏదైనను మనకు కొంత ఇవ్వదా అని ఒకరు అడిగిరి. 2020లో విదేశీ విరాళముల చట్టమునకు చేసిన సవరణ ప్రకారము, అట్టి సొమ్మును ఒక సంస్థ మరొక సంస్థకు బదిలీ చేయరాదు. ఆ ఆశ వదలుకొనవలసినదే.

ఇక చుట్టరికము. గత మూడేండ్ల జాబితాలో మాకు బంధుత్వమున్న పేర్ల క్రింద గీతలు గీయుడని హెడ్‌మాస్టరుగారు పెన్సిలు ఇచ్చిరి. గీతలు ఎక్కువే పడినవి. "చుట్టరికము లేని సంఘమెక్కడున్నదండీ?" అని ఒకరనిరి. నిజమే. అయినను ధర్మకర్తలకు, వారి దగ్గర బంధువులకు ట్రస్టు సొమ్ము ముట్టినచో పన్ను మినహాయింపుకే ముప్పు వచ్చునని ఆడిటరుగారు చెప్పిరి. గనుక దగ్గర బంధువులకు ఇవ్వరాదనియు, దూరపు చుట్టము దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్లవలెననియు, వెళ్లినట్లు మినిట్సులో వ్రాయవలెననియు తీర్మానించితిమి. మొదటిసారి లేచి వెళ్లినవారు మా అధ్యక్షులే.

"దరఖాస్తు ఫారము ఎక్కడ దొరకును?" అను ప్రశ్నకు అందరి జవాబు ఒక్కటే: అయ్యగారి ఆఫీసులో. శాఖా సంఘములవారు ఒక పూట కూలి మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని రావలెను. జాబితాలో వారి పిల్లలు వ్రేళ్లమీద లెక్కపెట్టునంతమందే. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయమును వేదాంత కళాశాలలో పరిచారకుల నియామకమును గూర్చి చదివితిమి. పంపిణీలో జరిగిన లోపమును గూర్చి చదువలేదు. గ్రీకు భాష మాటలాడువారి విధవరాండ్రు అనుదిన పంపిణీలో మరువబడిరను ఫిర్యాదు వచ్చినప్పుడు ఏడుగురిని ఏర్పరచిరి. ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. మా కమిటీలో శాఖా సంఘముల మనిషి ఒక్కడును లేడు. ఈ ఏడు ఇద్దరిని చేర్చితిమి.

చివరి ప్రశ్న, మనము కాదన్న పిల్లలు ఇప్పుడెక్కడ ఉన్నారని. ఎవ్వరము వ్రాయలేకపోతిమి. పేర్లు పంచుకొని వెదుక బయలుదేరితిమి. బట్టల దుకాణమునకు ఇద్దరము వెళ్లితిమి. ఆ అమ్మాయి మమ్మును గుర్తుపట్టి కుర్చీలు వేయించెను. మరల దరఖాస్తు పెట్టుమంటిమి. "ఇప్పుడు తమ్ముడి ఫీజు నేనే కడుతున్నానండీ. మీరు వాడికి మంజూరు చేశారు గానీ, కాలేజీ వాళ్లు ఆగస్టులో కట్టమన్నారు. మీ చెక్కు నవంబరులో గదా వచ్చేది" అనెను.

నవంబరెందుకని తరువాత ఆరా తీసితిమి. ఆడిట్ ముగిసిన తరువాత చెక్కులు వ్రాయుట మా అలవాటు. అట్లు చేయవలెనను నియమము ఎక్కడను లేదు. ఇప్పుడు జూన్ నెలాఖరుకు వ్రాయుచున్నాము.

ప్రశ్నల కాగితములు వాకిలి దగ్గర బల్లమీద ఉన్నవి. తలకొకటి తీసికొనిపొండి. పేరు వ్రాయవద్దు. కవరు మీ కమిటీలో లేనివారి చేతికే ఇయ్యుడి.