మానని తామర – మరుగున నున్న వ్యాధి
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి ఎండను లెక్కసేయక విచ్చేసిన మీకు వందనములు. విద్యార్థివేతనములు, వివాహవ్యయములు ముచ్చటించుకొను వేదికపై తామర ప్రసంగమేల యని కొంద ఱనుకొనవచ్చును. దాని వెనుక నొక్కొక్కప్పుడు ప్రాణాపాయము పొంచియుండును గనుకనే ఈ ప్రస్తావన.

మన జిల్లాలో ఎండయు చెమటయు నధికము, తామరయు సామాన్యమే. కావున తామర గలవారందఱకు హెచ్.ఐ.వి. యున్నదని భ్రమపడరాదు. మధుమేహమువలనను అది ముదురును. దుకాణమున నడిగి కొన్న స్టెరాయిడు లేపనము నాలుగు దినములు దురద నణచి, పిదప తామరను మఱింత వ్యాపింపజేయును.

అయినను కొన్ని చిహ్నముల నుపేక్షింపరాదు. తగిన మందు వాడినను తామర మాటిమాటికి వచ్చి ఒడలెల్ల ప్రాకుట. పసిబిడ్డలు గాని, కట్టుడుపళ్లవారు గాని కానివారికి నాలుకపై పెరుగువంటి తెల్లనిపూత యేర్పడుట. గోరు కొననుండి గాక మొదటినుండి తెల్లబాఱుట. కనుబొమలయందును ముక్కుప్రక్కలను తీవ్రముగా పొట్టు రాలుట. వీనితో బరువు తగ్గుట, విడువని జ్వరము, విరేచనములు తోడైనచో అనుమానము బలపడును.

కారణము వినుడు. బూజుజాతి సూక్ష్మజీవులు కొన్ని ఎల్లప్పుడును మన నోటను, చర్మముపైనను నుండును. దేహరక్షణశక్తి వానిని హద్దులో నుంచును. హెచ్.ఐ.వి. రక్తములోని సి.డి.4 కణములను ఏండ్లతరబడి చప్పుడులేక నశింపజేయగా ఆ హద్దు తెగును. రోగి తా నారోగ్యవంతుడ ననుకొనుచుండగనే చర్మము ముందుగా హెచ్చరించును.

ఈ వైరసు మనదేశమున 1986లో మద్రాసునందు బయటపడినది. 2021 అంచనా ననుసరించి వయోజనులలో దేశమున 0.21 శాతమునకు, ఆంధ్రప్రదేశమున 0.67 శాతమునకు ఇది యుండెను. 2004 నుండి ప్రభుత్వము మందుల నుచితముగా నిచ్చుచున్నది. 2017 నుండి వ్యాధి తేలిన ప్రతివారికిని ఇచ్చుచున్నది. క్రమముగా మందు వాడి రక్తమున వైరసు కనబడని స్థితికి వచ్చినవారినుండి దాంపత్యమువలన వ్యాధి అంటదు. గర్భిణి మందు పుచ్చుకొనినచో బిడ్డకు సోకు భయము మిక్కిలి తగ్గును.

మందు లేక కాదు, వెఱపుచేత మనవారు నష్టపడుచున్నారు. చిన్న పట్టణములలో అందఱకు నందఱు తెలిసినవారే. ఆసుపత్రియొద్ద ఎవరు చూతురో, పిల్లల సంబంధము లేమగునో యని పరీక్ష మానుకొందురు. సమ్మతిలేక పరీక్ష చేయరాదనియు, ఫలితము వెల్లడింపరాదనియు 2017 నాటి చట్టము శాసించుచున్నది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో నున్నది. కాని చట్టము ఇరుగుపొరుగు నోరు మూయింపజాలదు. అది మనవంటి సంఘముల పని. దాతలారా! మన సత్రమునందును, వసతిగృహమునందును, భోజనపంక్తియందును ఇట్టివారిని వేఱుపఱుపరాదని ఈ సభ తీర్మానించుగాక.

ప్రభుత్వాసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములలో పరీక్ష ఉచితము. 1097 సంఖ్యకు ఫోను చేసి పేరు చెప్పకయే సలహా నడుగవచ్చును. సోకిన తొలివారములలో పరీక్షకు వ్యాధి చిక్కకపోవచ్చును గనుక, వైద్యుడు చెప్పినచో మూడు మాసములకు మరల చేయించుకొనవలెను. మానని తామరకు మఱియొక లేపనము కొనుటకు ముందు ఒక్క చుక్క రక్త మిచ్చి చూచుకొనుడు. అందు సిగ్గుపడదగిన దేదియు లేదు.

సెలవు.