కోత పనిముట్లు: ఏ పనికి ఏ అంచు
(ప్రసంగ పాఠము)



విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు ఇట్టి సభలలో మీరు పలుమారులు వినియున్నారు. నేడు నేను మనవి చేయదలచినది కత్తి అంచును గూర్చి. అది కమ్మరి చూచుకొనవలసిన సంగతి కదా యని మీరు తలంపవచ్చును. కమ్మరి మీరు చెప్పిన పని చేయును. ఏమియు చెప్పనిచో అన్నిటికిని ఒకే తీరున సాన పట్టి ఇచ్చును. వరి కోయు కొడవలికిని, చెరకు నరకు కత్తికిని, మ్రాను కొట్టు గొడ్డలికిని ఒకే విధమైన అంచు పెట్టించుట వలన కలుగు నష్టము రైతునకే గాని కమ్మరికి గాదు.

అంచు యొక్క రెండు ముఖములు కలియుచోట నుండు కోణము చిన్నదైన కొలది కత్తి తేలికగా దిగును. కాని అంచు వెనుక ఉక్కు తక్కువ గనుక అది త్వరగా మడతపడును, లేదా పెచ్చు లేచును. కోణము పెద్దదైనచో అంచు నిలుచును గాని చేతికి శ్రమ హెచ్చును. ఉక్కు మంచిదైన చాలును, అంచు ఎట్లున్ననేమి యను వారును కలరు. తెలంగాణములోని కోనసముద్రమున పూర్వము మూసలలో చేసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. అట్టి ఉక్కుతో చేసిన ఖడ్గములు లోకప్రసిద్ధములు. అంతటి ఖడ్గముతోనైనను వరి కోయబూనినవాడు పూట గడవకముందే దానిని గట్టుపై పెట్టి కొడవలి అడుగును.

ముందుగా వరి సంగతి. వరిగడ్డిలో సిలికా యను ఇసుక పదార్థము మిక్కుటము. ఎండుగడ్డిలో నూటికి సుమారు 10 పాళ్లుండును. నున్నని అంచుగల కొడవలిని ఈ ఇసుక ప్రతి గుప్పెటకును కొంచెము కొంచెముగా అరగదీయును. అందుచేతనే మన పెద్దలు వరికి కక్కుకొడవలిని ఎంచుకొనిరి. కక్కు ప్రతి దుబ్బును జారనీయక పట్టును. లాగిన మాత్రమున కోయును. మొన కొంత అరిగినను పని సాగును. దీనికి సాన పట్టు విధమును మాత్రము పలువురు మరచుచున్నారు. కక్కుల గాళ్లు కొడవలికి ఒక ముఖముననే కొట్టబడియుండును. రెండవ ముఖము నున్నగా నుండును. గాళ్లున్న ముఖమును రాతిపై పెట్టరాదు, ఆకురాయితో రాకరాదు. నున్నని ముఖమును తడిరాతిపై దాదాపు బల్లపరుపుగా ఆనించి నాలుగైదు మారులు రాచిన చాలును. ఆ ముఖము అరిగినప్పుడు గాళ్ల కొసలు మరల వాడియగును. ఇరువైపుల సాన పట్టించినచో కక్కు కొలదికాలములోనే మాసిపోయి, కొడవలి నున్ననిదై కూర్చుండును. గాళ్లు బొత్తిగా అరిగిన కొడవలిని కమ్మరి మెత్తబరచి, గాళ్లు కొట్టి, మరల పదును పెట్టవలెను. భోపాలులో 1976లో నెలకొన్న కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థవారు రూపొందించిన నవీన్ కొడవలియు కక్కు అంచు గలదే. పట్టు జారకుండుటకును, చేతికి గాయము గాకుండుటకును దాని పిడి ప్రత్యేకముగా తీర్చబడినది.

పశువుల గడ్డికిని, పిల్లిపెసర, జనుము మొదలగు లేత పైరులకును నున్నని కొడవలియే మేలు. అది దినదినమును రాతిపై తేలికగా వాడియగును.

కోతయంత్రములు వచ్చినవి, ఇంక కొడవలి యేల యని అడుగుదురేమో. గెడ్డ ఒడ్డున తడియారని మడిలోనికి యంత్రము దిగదు. మన జిల్లాలలో తుపానులు వచ్చునదియు వరి పొట్టపోసుకొని ఈనుచుండు కాలముననే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినవి. గాలికి పడి పెనవేసికొనిన చేనిని యంత్రము చక్కగా ఎత్తజాలదు. నీట నానిన కంకి మొలకెత్తకముందే కోసి తీయవలెనన్న, అప్పుడు చేతిలో కక్కున్న కొడవలి యుండవలెను. మొండి కొడవలితో పడిన చేనిని లాగిన గింజ రాలును, దుబ్బు వేళ్లతో పెకలివచ్చును, కోయునామె వ్రేలు తెగును.

ఇక చెరకు. బొబ్బిలి, సీతానగరము, రేగిడి ప్రాంతముల రైతులు దీనిని శ్రద్ధగా వినగోరెదను. గడ పక్వమునకు వచ్చినప్పుడు అడుగు కణుపులలో తీపి హెచ్చు. కావున నేలమట్టమునకు నరకవలెనని యందరు నెరుగుదురు. ఎరిగియు నరకలేకపోవుటకు కత్తి అంచు ఒక కారణము. ఒక ఎకరమున 30,000 గడలు, ఒక్కొక్కటి 7 అడుగుల పొడవు, కిలో తూకము ఉన్నవనుకొందము. గడకు 2 అంగుళముల మోడు మిగిలినను ఎకరమునకు 5,000 అడుగుల చెరకు, అనగా 700 గడలకు పైబడి, చేనిలోనే నిలిచిపోవును. అది 7 క్వింటాళ్లు. పైగా ఎత్తైన మోడుల నుండి వచ్చు కార్శి పిలకలకు వేళ్లు లోతుగా దిగవు, తోట పడిపోవును.

చెరకు కత్తికి ఒకవైపు మాత్రమే వాలు పెట్టించవలెను. నేలవైపు వచ్చు ముఖము పూర్తిగా చదునుగా నుండి, పై ముఖమున వాలుండవలెను. అప్పుడు గడ ఒత్తిడి వాలుపై పడి కత్తిని క్రిందికి అదుముచుండును. దెబ్బ నేలమట్టమున నిలుచును. వాలు క్రిందివైపునున్నచో కత్తి పైకి ఎగయును. ఎంత నేర్పరియైనను మోడు విడువక తప్పదు. ఏ ముఖము క్రిందికి వచ్చునో తెలియుటకు, నరకువానిని కత్తి పట్టి ఒక దెబ్బ గాలిలో ఆడింపుమనుడు. కుడిచేతివానికి కుడి ముఖము చదునుగా నుండును. ఎడమచేతివానికి దీనికి తలక్రిందులు. అతనికి వేరుగా ఒక కత్తి చేయించుట న్యాయము.

కోణమును కొలుచుటకు యంత్రమక్కరలేదు. ఒకవైపు వాలుగల కత్తికి, వాలు వెడల్పు కత్తి మందమునకు రెండింతలున్న 30 డిగ్రీలు, మూడింతలున్న 20 డిగ్రీలకు రవంత తక్కువ. 4 మిల్లీమీటర్ల మందముగల చెరకు కత్తికి 8 మొదలు 10 మిల్లీమీటర్ల వాలు తగును. అంతకు మించి సన్నము చేసిన మట్టిపెల్లకో రాతికో తగిలిన తొలి దెబ్బకే పెచ్చు లేచును.

గోగుకఱ్ఱకు ఇరువైపుల వాలుగల నున్నని అంచు చాలును. మ్రాను కొట్టు గొడ్డలికి ఇరుముఖములు చేపపొట్టవలె కొంచెము ఉబ్బెత్తుగా నుండవలెను. ఆ ఉబ్బు కఱ్ఱను ఇరుప్రక్కలకు నెట్టి గొడ్డలిని ఇరుక్కొననీయదు. తిత్లీలో కూలిన ఉద్దానపు కొబ్బరిచెట్లను నరికినవారికి ఈ మాట క్రొత్తది కాదు. క్షౌరపు కత్తివలె ఇరుముఖములు లోనికి గుంటపడిన అంచు పొలము పనికి పనికిరాదు.

ఇప్పుడు ఊరూర కరెంటు సానచక్రములు వెలసినవి. వానియందు నాకు నమ్మకము తక్కువ. చిన్న చక్రముపై పట్టిన అంచు పైన చెప్పినట్లు గుంటపడుటయే గాక, వేడికి పదును చెడును. ఉక్కు అంచున లేత గడ్డిరంగు తేలిన సుమారు 220 డిగ్రీల వేడి తగిలినదన్నమాట. నీలిరంగు తేలిన 300 డిగ్రీలు దగ్గరకు వచ్చినది. అంతవరకు మెత్తబడిన అంచు ఒక పూటకైనను నిలువదు. లారీ కమాను పట్టెతో చేసిన మంచి కత్తులును ఇట్లు చెడుచున్నవి. చక్రముపై పట్టించక తప్పనిచో ప్రతి రెండు మూడు పట్లకును నీట ముంచుమని చెప్పి, దగ్గర నిలిచి చూడుడు. తుదిమెరుగు తడిరాతిపైననే చేయించుడు.

కొడవలి కూలివారిది, దాని బాగోగులు మాకేల యను రైతులు కొందరు కలరు. కోత ఆలస్యమైనను, గింజ రాలినను పోవునది తమదేనని వారు మరచుచున్నారు. యువకులు వలసపోయి కూలివారు దొరకుటయే కష్టమైన ఈ దినములలో, కక్కు కొట్టించు ఖర్చు రైతే భరించుట మంచిది. దసరానాడు పనిముట్లను కడిగి కుంకుమ పెట్టుదుము. ఆ దినముననే ఒక్కొక్క కొడవలిని వెలుతురులో త్రిప్పి, కక్కు మాసినవానిని వేరు చేసి, మరునాడే కమ్మరి కొలిమికి పంపవలెను. కోతలు మొదలైన పిమ్మట కొలిమి వద్ద వరుసలో వారము దినములు నిలువవలసి వచ్చును.