ముప్పై ఏళ్లు ఆగిన పత్రం

ఈ రోజు పట్టాలందుకుంటున్న భౌతికశాస్త్ర విద్యార్థులారా, మీకు అభినందనలు.

ఈ బెంగళూరులోనే జరిగిన కథ ఒకటి చెబుతాను. 1934లో సి.వి. రామన్ ఇక్కడ ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించారు. అప్పటికే నోబెల్ అందుకున్న మనిషి. తన ప్రయోగశాల, తన పరిశోధన చాలనుకోలేదు. శాస్త్రజ్ఞులు నలుగురూ కూడే చోటు, వాళ్ల పని అచ్చయ్యే పత్రిక మనకంటూ ఉండాలనుకున్నారు. ఆ ఏడాదే అకాడమీ ప్రొసీడింగ్స్ మొదలయ్యాయి.

ఆ ఏడాదే పుట్టిన పంచరత్నం అనే కుర్రవాడు, పెద్దయ్యాక రామన్ దగ్గరే చేరి స్ఫటికాల్లో కాంతి నడకను పరిశీలించాడు. 1956లో ఆ ప్రొసీడింగ్స్‌లో అతని పత్రం ఒకటి వచ్చింది. అప్పటికి అతనికి 22 ఏళ్లు. ఇంచుమించు మీ ఈడే.

అందులో ఏముంది? కాంతి ధ్రువణ స్థితిని ఒకదాని తర్వాత ఒకటిగా మారుస్తూ, ప్రదక్షిణం చేయించినట్టు మళ్లీ మొదటి స్థితికే తెచ్చామనుకోండి. ధ్రువణం మునుపటిదే. కానీ తరంగ దశలో కొంత తేడా మిగులుతుంది. అది ఎంతన్నది తిరిగిన దారి ఆకారాన్ని బట్టి ఉంటుంది.

ఆ మాట చాలాకాలం పెద్దగా ఎవరి చెవినా పడలేదు. 1969లో, 35 ఏళ్లకే పంచరత్నం కన్నుమూశాడు. 1984లో ఇంగ్లండులో భౌతికశాస్త్రవేత్త మైకేల్ బెర్రీ క్వాంటం వ్యవస్థల్లో ఇలాంటి దశనే వివరించారు. 1986లో భౌతికశాస్త్రవేత్తలు రామశేషన్, రాజారామ్ నిత్యానంద పంచరత్నం పాత పత్రాన్ని గుర్తుచేస్తూ కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ముందే చెప్పినవాడు పంచరత్నమేనని బెర్రీ కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు. నేడు ఆ దశ తేడాను పంచరత్నం–బెర్రీ దశ అంటారు. పలకలా చదునుగా ఉండే కొన్ని రకాల కటకాల తయారీకి అదే ఆధారం.

ఆ పత్రం అన్నేళ్లు భద్రంగా నిలిచింది అకాడమీ పత్రికలోనే. 1970 నవంబరులో, చివరి రోజుల్లో రామన్ కోరింది కూడా ఆ పత్రికల గురించే: వాటిని చావనివ్వవద్దని.

పత్రికలూ సంఘాలూ మనలాంటివాళ్ల శ్రమతోనే బతుకుతాయి. అందుకే నాదొక విన్నపం. ఏదో ఒక శాస్త్ర సంఘంలో సభ్యులుగా చేరండి. పరాయివాళ్ల పత్రాన్ని మీ సొంతదన్నంత శ్రద్ధగా సమీక్షించండి. బడిపిల్లల పోటీ పరీక్షకు ఒక మంచి ప్రశ్న తయారుచేయండి. ఇవేవీ పేరు తెచ్చే పనులు కావు. అప్పుడప్పుడూ గ్రంథాలయంలో ఒక పాత సంచిక దుమ్ము దులపండి. ఇంకే పంచరత్నమైనా అందులో మీకోసం కాచుకుని ఉండవచ్చు.