మూసిన గదిలో రైలుబండి



బొమ్మల కొలువు పెట్టే ఇల్లాళ్ళకు ఒక సంగతి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. మెట్ల మీద బొమ్మలు పేర్చినంత మాత్రాన కొలువు కాదు. నలుగురినీ పేరంటానికి పిలవాలి. వచ్చినవాళ్ళు "ఈ ఏడు కొత్త బొమ్మ ఏది వదినా?" అని అడగాలి. "కొండపల్లి ఏనుగు అంబారీ కాస్త ఒరిగినట్టుందే" అని ఒకరు వంక పెట్టాలి, ఇంకొకరు చెయ్యి చాపి సరిచెయ్యాలి. అప్పుడుగాని మనకు తృప్తి ఉండదు. చూసేవాళ్ళు లేని కొలువూ, అటక మీది పెట్టెలో ఉన్న బొమ్మలూ ఒకటే.

ఈరోజు నేను చెప్పబోయేది మరో రకం బొమ్మల గురించి. రైలు బొమ్మలు. "అవి పిల్లల ఆటవస్తువులు గదా, పెద్దవాళ్ళకేం పని?" అని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అలా అనుకునే ఒక పొరపాటు చేశాను. అదీ మీకు చెబుతాను.

నిజమైన రైలును, స్టేషనును, వంతెనను కొలత తప్పకుండా చిన్నది చేసి కట్టడాన్ని మోడల్ రైల్వే అంటారు. ఎక్కువమంది వాడే కొలతకు హెచ్.ఓ. అని పేరు. అంటే అసలు వస్తువులో 87వ వంతు. ఆ లెక్కన అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లయినా ఉండడు. మన రైలుపెట్టె జానెడు మీద కాస్త పొడవు ఉంటుంది. ఇందులో మనవాళ్ళకొక చిక్కుంది. విదేశాల్లో అమ్మే హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల వాళ్ళ మార్గాలకు సరిపోయింది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన వస్తుంది. అందుచేత మన రైలును మనం కట్టుకోవాలంటే సర్దుకుపోవాలి, లేదా పట్టాలతో సహా సొంతంగా చేసుకోవాలి. ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు తోటివాడు ఏం చేశాడో తెలిస్తే ఎంత మేలో, కొత్తగా ఆవకాయ పెట్టినప్పుడు పక్కింటి పిన్నిగారి సలహా ఎంత మేలో తలుచుకుంటే మీకే తెలుస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. మావారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పెరిగింది గుంటూరు–గుంతకల్లు మీటరుగేజి మార్గంలో ఒక చిన్న స్టేషను పక్కన. 1990లలో ఆ మార్గం బ్రాడ్‌గేజి అయింది. దానితో పాటు ఆ స్టేషను రూపూ మారిపోయింది. ఆయన మనసులో మాత్రం పాతదే ఉండిపోయింది. రిటైరైన మరుసటి ఏడు వెనకగదిలో పాత తలుపుచెక్క ఒకటి బల్లగా వేసుకుని ఆ స్టేషను కట్టడం మొదలుపెట్టారు. గోడలకు అట్ట, కంచెకు చీపురుపుల్లలు. ప్రయాణికుల బళ్ళను లాగిన వై.పి. తరగతి ఆవిరి ఇంజను కూడా చేశారు. కరెంటు తీగలు పోయే ప్లాస్టిక్ గొట్టం ముక్కే దాని బాయిలరు. అది నడవదు, అయినా దాన్ని చూస్తే కూత వినబడుతుందేమో అనిపిస్తుంది.

ఒకనాడు మా బంధువొకాయన వచ్చి అదంతా చూసి, "ఏం బావగారూ, మనవలు ఆడుకోవలసినవాటితో మీరే ఆడుకుంటున్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. ఆయన ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి ఎవరైనా వస్తున్నారంటే బల్ల మీద దుప్పటి కప్పేవారు. కొన్నాళ్ళకు నేను కాఫీ పట్టుకుని వెళ్ళినా కప్పేవారు. ఆ దుప్పటి చూసినప్పుడల్లా నా నవ్వు నాకే గుచ్చుకునేది. కానీ ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు.

దసరాకు మా మనవరాలు కొలువు కింది మెట్టు ముందు పార్కు వేస్తూ, "తాతయ్యా, నీ స్టేషను ఇక్కడ పెడదాం" అని పట్టుబట్టింది. నేను అడిగితే కాదనేవారే. దాని మాట కాదనలేక తెచ్చిపెట్టి, పేరంటం వేళకు వెనకగదిలోకి వెళ్ళిపోయారు.

మా వీధి చివర ఉండే పెద్దావిడ వచ్చారు. వాయినం పుచ్చుకుని లేవబోతూ స్టేషను చూసి మళ్ళీ కూర్చున్నారు. చాలాసేపు చూసి, "అన్నయ్యగారిని ఒక్కసారి పిలుస్తారా?" అన్నారు. ఆయన వచ్చాక అడిగారు: "అన్నీ ఉన్నాయి అన్నయ్యగారూ, గంట ఏదండీ? రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనపకడ్డీతో కొట్టేవారు గదా. మా నాన్నగారు ఆ లైను మీదే స్టేషను మాస్టరు. ఆ గంట వినబడ్డాకే మా అమ్మ కాఫీకి నీళ్ళు పడేసేది."

మావారు స్టేషను వంక చూసి, "మర్చేపోయానమ్మా!" అన్నారు. ఆ తరువాత ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. కదులుతున్న బండిలోని డ్రైవరుకు టోకెను తగిలించిన వలయం అందించడం, అతను చేతికి తగిలించుకుని పోవడం, ఆవిడ తన రెండు చేతులూ ఊపుతూ చెబుతుంటే మిగతా పేరంటాళ్ళు కూడా చుట్టూ చేరారు. తెల్లవారి లేచి చూసేసరికి స్టేషను చూరుకు గంట వేలాడుతోంది. నా తలపిన్ను విరిచి చేశారట. కొలువు ఎత్తేశాక స్టేషను మళ్ళీ వెనకగదికే వెళ్ళింది గాని, దుప్పటి మాత్రం మంచం మీదికి వచ్చేసింది.

ఆ తరువాత సెల్‌ఫోనుతో నాలుగు ఫొటోలు తీసి పాత సహోద్యోగులకు పంపారు. ఒకాయన తన దగ్గరున్న పాత ఫొటో పంపి, కప్పు మీద ఉన్నవి రేకులు కావు, పెంకులని చూపించాడు. ఇంకొకాయన, పట్టాల కింద కంకర చెదరకుండా ఎలా అంటించారని అడిగాడు. దానికి జవాబు మా వంటింట్లోనే ఉంది. సన్నటి ఇసుక పరిచి, ఫెవికాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి, అంట్ల సబ్బునీళ్ళు ఒక్క చుక్క వేసి, చుక్కలు చుక్కలుగా వదలాలి. సబ్బు వల్ల ఆ నీళ్ళు ఇసుకమీద ముత్యాల్లా నిలబడకుండా లోపలికి ఇంకుతాయి. వాడేసిన టీపొడి ఎండబెడితే చెట్ల కింది నేల అవుతుంది. రంపపుపొట్టుకు ఆకుపచ్చ రంగు వేస్తే గడ్డి. పాత స్పాంజి తుంచితే చెట్ల ఆకులు. ఈ పనుల్లో ఆడవాళ్ళ చెయ్యి పడితే పని ఎంత నాజూకుగా వస్తుందో నేను వేరే చెప్పాలా?

తోటివారితో పంచుకోవాలన్న తపన ఈ అభిరుచికి మొదటినుంచీ ఉంది. అమెరికాలో ఒకప్పుడు ఒకరు చేసిన చక్రాలు ఇంకొకరి పట్టాల మీద నడిచేవి కావు, ఒకరి పెట్టె మరొకరి పెట్టెకు తగులుకునేది కాదు. 1935లో మిల్వాకీ నగరంలో ఈ అభిరుచి ఉన్నవాళ్ళు చేరి నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ పెట్టుకుని, కొలతలకు ఉమ్మడి ప్రమాణాలు నిర్ణయించుకున్నారు. ఒకరి బండి ఇంకొకరి ఇంట్లో నడవాలన్నదే దాని సారాంశం. ఇప్పుడు టీ-ట్రాక్ అనే పద్ధతి కూడా ఉంది. తలా ఒక అడుగు పొడవున్న చిన్న పీటలాంటి దానిమీద తనకు నచ్చిన దృశ్యం కట్టుకుంటారు. చివర్లు మాత్రం అందరివీ ఒకే కొలత. బల్ల మీద వరసగా తగిలిస్తే అందరి ఊళ్ళ మీదుగా ఒకే రైలు పోతుంది. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది లీ మొనాకో-ఫిట్జ్‌జెరాల్డ్ అనే మహిళ. గది లేదు, స్థలం లేదు అనే ఫ్లాటు వాసులకు ఇంతకంటె అనుకూలమైనది ఏముంటుంది?

ఫొటోల మాట వచ్చింది గనుక ఒక కథ చెప్పాలి. కథలా ఉన్నా జరిగిన విషయమే. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ అనే ఆయన ఉండేవాడు. వృత్తి ఫొటోగ్రఫీ. తన ఇంటి కిందిగదిలో కొండలూ లోయలూ వంతెనలతో ఒక రైలు లోకాన్నే సృష్టించాడు. పలికితే 'రక్తసిక్తం, పరాజితం' అని అర్థం వచ్చేట్టు దానికి వేళాకోళంగా పేరు పెట్టుకున్నాడు. పెట్టెలను అటూ ఇటూ లాగే ఇంజనుకు బదులుగా ఎమ్మా అనే రాక్షసబల్లి బొమ్మను కూడా పెట్టాడు. ఆయన మాత్రం గది తలుపు మూసుకోలేదు. మిత్రులను పిలిచి రైళ్ళు వాళ్ళ చేతే నడిపించేవాడు. ఫొటోలు తీసి పత్రికలకు పంపేవాడు. ఆయన 1973 జనవరిలో పోయాడు. పది రోజులకే ఆ ఇంట్లో నిప్పంటుకుని, ఏళ్ళ తరబడి కట్టినదానిలో చాలాభాగం బూడిదైంది.

అయితే అది ఈనాటికీ ఎలా బతికి ఉంది? ఆయన తీసి పంచిపెట్టిన ఫొటోల వల్ల. 1981లో లిన్ వెస్ట్‌కాట్ రాసిన పుస్తకంగా అవి ఒకచోట చేరాయి. ఆ గదిలో ఎన్నడూ అడుగుపెట్టనివాళ్ళు కూడా వాటిని చూసి తమ కొండలను ఎలా మలచుకోవాలో నేర్చుకున్నారు. ఎవరికీ చూపకుండా దాచుకుని ఉంటే ఏం మిగిలేది చెప్పండి?

మీ ఇంట్లో ఇలాంటి పని చేసేవాళ్ళుంటే ఫొటో తీసిపెట్టండి. కొన్ని మెళకువలు చెబుతాను. పైనుంచి తీస్తే బొమ్మ బొమ్మలాగే కనబడుతుంది. ఆ రెండు సెంటీమీటర్ల మనిషి కంటికి ఎలా కనిపిస్తుందో అంత కిందికి దించండి కెమెరాను. ఫ్లాష్ వద్దు. పొద్దున్నే కిటికీలోంచి పడే వెలుగు చాలు. వెనకాల స్విచ్చిబోర్డూ, కాలెండరూ కనబడకుండా నీలంరంగు అట్ట నిలబెట్టండి. తీసేముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, మన కంటికి ఆనని దుమ్ము ఫొటోలో పిండి చల్లినట్టు కనబడుతుంది. ఫొటో కింద నాలుగు మాటలు రాయడం మరవకండి. ఏ కొలత, దేనితో చేశారు, ఎక్కడ తప్పు జరిగింది. తప్పు చెప్పడమే అన్నిటికంటె ముఖ్యం. అవతలివాడికి ఎక్కువగా ఉపయోగపడేది అదే.

చూసేవాళ్ళకూ ఒక మర్యాద ఉంది సుమా. మెచ్చుకోదలచినది ముందు మెచ్చుకుని, తరువాత లోపం చెప్పాలి. మా ఇంటికొచ్చిన పెద్దావిడ "అన్నీ ఉన్నాయి, గంట ఏదండీ?" అన్నారే, అలాగన్నమాట. ఒకరు చెప్పిన ఉపాయం మనం వాడుకుంటే వాళ్ళ పేరు చెప్పాలి. ఇతరుల ఇంట్లో ఫొటో తీసేముందు అడగాలి.

మన దేశంలోనూ ఇలా పదిమంది ముందు పెట్టినవారున్నారు. పూణేలో భావూ జోషి అనే ఆయన సొంత సరదాగా మొదలుపెట్టిన చిన్న రైళ్ళు చివరకు ఒక మ్యూజియమే అయ్యాయి. 1998 ఏప్రిల్ 1న దాన్ని ప్రజలకోసం తెరిచారు. కొత్రూడ్ ప్రాంతంలో ఉంది. పూణే వెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళండి. పిల్లల వంకతో మీరూ చూడండి.

సోదరీమణులారా, మీ ఇంట్లో రైలే ఉండనక్కరలేదు. ఒకరు అగ్గిపుల్లలతో గోపురం కడుతుండవచ్చు, ఒకరు స్టాంపులు దాస్తుండవచ్చు. ఆ ఒకరు మీరే కావచ్చు. ఏదో ఒక గది తలుపు ఎప్పుడూ మూసి ఉంటోందంటే, ఎప్పుడో ఎవరో నవ్వారేమో కనుక్కోండి. మీరే నవ్వి ఉంటే, నాలాగా దసరా దాకా ఆగకండి. రెండు కప్పుల కాఫీ పట్టుకువెళ్ళి, పక్కన కూర్చుని, "ఇదేమిటి? ఎలా చేశారు?" అని అడగండి. తరువాత ఆ పని తెలిసిన ఇంకొకరిని ఇంటికి పిలవండి.

మావారు ఇప్పుడు పెంకులు చేస్తున్నారు. ఆ పెద్దావిడ వచ్చి చూసి వంక పెట్టాలని ఎదురుచూస్తున్నారు. నేనూ ఎదురుచూస్తున్నాను.

సెలవు.