వేడినీటి గొట్టములు - పంపు ఉండవలసిన చోటు



మన పల్లెలలో చలికాలమున కుంపటియే దిక్కు. నేడు నేను విన్నవింపబోవునది వేరొక దేశపు ఇంటిమాట. అయినను మన బిడ్డలనేకు లట్టి దేశములలో కాపురముండుటచేతను, పురుళ్లకై పెద్దలమగు మనము అక్కడికి పోవుచుండుటచేతను, ఇది మనకు బొత్తిగా దూరమైన విషయము కాదు.

2019వ సంవత్సరము జనవరి మాసమున మా అమ్మాయి పురిటికై నేనును నా భార్యయు అమెరికాలోని బోస్టను నగర సమీపమునకు పోయితిమి. వెలుపల నీరు గడ్డకట్టు చలి. ఇంటిని వెచ్చజేయునది నేలమాళిగలోని బాయిలరు. అందు కాగిన నీరు గొట్టముల వెంబడి గదులకు పోయి, వేడినిచ్చి, చల్లబడి మరల బాయిలరునకే వచ్చును. ఆ యింటిని మూడు భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఒక చిన్న విద్యుత్పంపు నమర్చిరి. ఏ భాగమున చలి హెచ్చునో ఆ భాగపు పంపు మాత్రమే తిరుగును.

క్రింది గదులు వెచ్చగనే యుండెను. బాలింతయు పసికందును ఉన్న మేడగది మాత్రము చల్లగా నుండెను. గొట్టములలో గులకరాళ్లు దొరలినట్లు చప్పుడు. ఒక పనివాడు వచ్చి, గాలి చేరినదని చెప్పి, దానిని వదలి పోయెను. నాలుగు దినములకు మరల అదియే బాధ. రెండవమారు అతడు పంపునకు బలము చాలదని పెద్దపంపు బిగించెను. చప్పుడు హెచ్చెను, వేడిమి ఇంకను తగ్గెను. ఆ రాత్రి మా అమ్మాయి బిడ్డను గుండెకు హత్తుకొని, "నాన్నగారూ, క్రిందికి పోదమా?" అని యడిగెను. నాకు నిద్రపట్టలేదు.

మూడవమారు వచ్చినవాడు మరియొకడు, వృద్ధుడు. అతడు మేడ యెక్కనే లేదు. నేలమాళిగలో నిలిచి, "పంపులు తప్పుచోట నున్నవి" అనెను. అతడు చెప్పినదానిని నా మాటలలో మీకు చెప్పెదను.

మేడపైకి నీరెక్కించుటకు గొప్ప బలము కావలయునని మీరనుకొనవచ్చును. అట్లు కాదు. కావడిలోని రెండు కుండలవలె, ఎక్కు నీటిని దిగు నీరే తూచును. గొట్టముల రాపిడిని గెలుచుటయే పంపు పని.

నీటిని 80 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచిన, అది నూటికి సుమారు 3 పాళ్లు పెరుగును. ఆ పెరుగుదలకు చోటిచ్చుటకై గొట్టమునకు ఒక తొట్టిని తగిలింతురు. అందు రబ్బరుపొరకు ఒకవైపు నీరు, రెండవవైపు గాలి. పంపు నీటిని త్రిప్పును గాని, పుట్టింపదు, తగ్గింపదు. తొట్టిలోని నీరు మారనపుడు అందలి గాలి ఒత్తిడియు మారదు. కావున పంపు తిరిగినను ఆగినను, తొట్టి కలిసినచోట ఒత్తిడి ఒక్కతీరుగ నుండును. గిల్ కార్ల్‌సన్ అను అమెరికా ఇంజనీరు దీనికి ఒత్తిడి మారని చోటని పేరిడెను.

ఇక లెక్క చూడుడు. ఆ గొట్టములలో 28 అడుగుల ఎత్తు నీటికి సరియగు ఒత్తిడి కలదు. మేడగది గొట్టము 20 అడుగుల ఎత్తున నున్నది. అక్కడ మిగులునది 8 అడుగులే. పంపు తొట్టిని దాటిన పిదప నుండి నీటిని గదులవైపు నెట్టినచో, దాని బలము ఆ 8 అడుగులకు తోడగును. మా యింట పంపులు, నీరు తిరిగివచ్చు దారిలో నుండి, తొట్టివైపునకు నెట్టుచుండెను. తొట్టికడ ఒత్తిడి పెరుగదు గనుక, ఆ బలమంతయు వెనుక గొట్టములలో లాగుడుగా మారెను. పంపు మేడమీద 10 అడుగులు లాగివేసిన, ఉన్న 8 అడుగులును పోయి లోటే మిగులును. అప్పుడు నీటిలో కరగిన గాలి బుడగలై వెలువడును. గాలిని వదలు మరలగుండ బయటి గాలియు లోనికి చొచ్చును. పంపు పెద్దదగుకొలది లాగుడును హెచ్చును.

ఆ వృద్ధుడు మూడు పంపులను, బాయిలరునుండి వెడలు దారిలో, తొట్టికి ఆవల బిగించెను. పెద్దపంపును తీసి పాతదానినే పెట్టెను. ఒక పంపు తిరుగునపుడు ఆగియున్న భాగములోనికి నీరు ఎదురు పోకుండ, ఒక్కొక్క దారికి ఒక అడ్డుమర నుంచెను. మిగిలిన గాలిని వదలి పోయెను.

కావున పెద్దలారా, మీరట్టి యింటికి పోయినపుడు, ఎన్నిమార్లు వదలినను గాలి మరల చేరుచున్నదని విన్నయెడల, పెద్దపంపు కొనుటకు ముందు నేలమాళిగకు దిగి చూడుడు. పంపుమీద నీరు పోవు దిక్కునకు బాణపు గుర్తుండును. ఆ బాణము తొట్టికి ఎదురుగా గాక, తొట్టిని విడిచి పోవుచుండవలెను.

ఆ రాత్రి చప్పుడు లేదు. మా మనుమరాలు మేడగదిలోనే తెల్లవారువరకు నిద్రించినది.