ఆట కూడు పెట్టునా? — సి. కె. నాయుడుగారి క్రీడాజీవితము



మా పెద్దమండ్యము ప్రాంతమున రచ్చబండమీద కూర్చున్న పెద్దలు, సందెవేళ చెడుగుడో బిళ్ళంగోడో ఆడి దుమ్ముకొట్టుకొని యింటికి వచ్చు పిల్లవానిని చూచి తప్పక యొక మాట యందురు: “ఒరే, ఆట కూడు పెట్టునా?” ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. వానను నమ్మి వేరుసెనగ విత్తి, వాన రాని యేట విత్తనపు గింజలను సైతము పోగొట్టుకొను మెట్టసీమ రైతుల నోట వెడలిన ప్రశ్న యిది. కూటిని గూర్చి యడుగుటకు వారికున్నంత హక్కు వేఱొకరికి లేదు. కావున నేనీ ప్రశ్నకు నీతివాక్యములతో గాక, ఒక మనుష్యుని జీవితముతో బదులు చెప్పదలచితిని. ఆ మనుష్యుడు తెలుగువాడు. భారతదేశపు క్రికెట్ జట్టునకు మొట్టమొదటి టెస్టు నాయకుడు. అఱువదియేండ్లు దాటిన పిదప గూడ బ్యాటు దింపని మొండివాడు. ఆయనయే కొట్టారి కనకయ్య నాయుడుగారు. లోక మాయనను సి. కె. నాయుడని పిలిచినది.

నాయుడుగారి పూర్వులు మచిలీపట్టణమువారు. న్యాయవాదవృత్తి చేయుచు ఆ కుటుంబము నాగపురమున స్థిరపడెను. 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన కనకయ్యగారు అక్కడనే జన్మించిరి. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, బడిలో ఆంగ్లము. కలిగినవారి బిడ్డయగుటచే ఆయనకు తిండికి కొదువ లేదు. ఈ మాట ముందే చెప్పుచున్నాను; ఏలయన, పేదవాని కథను చెప్పునట్లు ఆయన కథను చెప్పుట సత్యము గాదు. కాని కలిగినవారి బిడ్డలెందఱో ఆటలాడి మానివేసిరి. ఈయన మానలేదు. అక్కడ నున్నది విశేషము.

కథలోనికి పోవుటకు ముందు ఒక సంగతి వివరింపవలెను. ఆటకు జీతము పుచ్చుకొనుట లోకమున క్రొత్తది గాదు. బుట్టలో బంతి వేయు బాస్కెట్ బాలు ఆటను అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు 1891లో కల్పించెను. ఏడేండ్లు తిరుగకముందే, 1898లో, జీతమునకాడువారి సంఘ మక్కడ నేర్పడెను. ఇంగ్లండులో క్రికెట్టాటగాండ్రు రెండు తెగలుగా నుండిరి. వేడుకకై యాడువారు దొరలు. కూలికై యాడువారు ఆటగాండ్రు. ఈ యిరు తెగలవారును ఒకే జట్టులో నాడినను, వారి మధ్య నొక గీత నిలిచియుండెను. ఆ భేదము 1962లో గాని తొలగింపబడలేదు. కూలి పుచ్చుకొనువాడు తక్కువ, పుచ్చుకొననివాడు ఎక్కువ అను భావము మన రచ్చబండమీదనే కాదు, ఆ దొరల దేశమునను ఉండెనని దీనివలన తెలిసికొనవచ్చును.

మన దేశమున ఆ కాలమందు ఆటగానికి నెలజీత మిచ్చు సంఘము లేదు. బొంబాయిలో హిందువులు, పారసీలు, మహమ్మదీయులు, ఐరోపావారు వేఱువేఱు జట్లుగా నేర్పడి ఏటేట పోటీ యాడుచుండిరి. నాయుడుగారు 1916లో హిందువుల జట్టున ఐరోపావారి నెదుర్కొని ప్రథమముగా నాడిరి. జట్టులోని పెక్కురు వెనుకకు మరలిన దుర్దశలో ఆ యువకుడు బరిలో దిగెను. మొదట మూడు బంతులను నిదానముగా నాపి, నాలుగవ బంతిని మైదానము దాటించెను. ఆయన క్రీడాజీవితమున మొదటి పరుగులు ఆ యాఱు పరుగులే! బెదురునకు లొంగని స్వభావము నాడే బయటపడినది.

ఆయన కూటి సంగతి 1923లో తేలినది. ఇందూరు ప్రభువగు తుకోజీరావు హోల్కరుగారు ఆయన యాటకు మెచ్చి, తమ సంస్థానమునకు రావించి, సేనలో కాప్టెను పదవి నొసగిరి. తరువాత ఆయన కర్నలైరి. పూర్వము రాజులు కవులకు అగ్రహారము లిచ్చినట్లు, మల్లులను పోషించినట్లు, ఈ ప్రభువు క్రికెట్టాటగానిని పోషించెను. ఆట కూడు పెట్టిన దారి యిది. అయితే రాజాశ్రయమున నొక చిక్కున్నది. రాజు మెచ్చినంతకాలమే కూడు. నాయుడుగారు ఆ మెప్పును ముప్పదియేండ్లు నిలువబెట్టుకొనుట వ్యాయామముచేతను, నియమముచేతను గాని ముఖస్తుతిచేత గాదు.

1926వ సంవత్సరము డిసెంబరు నెల. ఆర్థర్ గిల్లిగన్ అను దొర నాయకత్వమున ఎం. సి. సి. అను ఆంగ్లేయుల జట్టు మన దేశమునకు వచ్చి బొంబాయిలో హిందువులతో నాడెను. నాయుడుగా రానాడు రెండు గంటలైన గాకముందే 153 పరుగులు తీసిరి. అందు పదునొకండు పర్యాయములు బంతి మైదానము దాటి పడెను. చూడవచ్చినవారు చెట్లెక్కిరి, మేడలెక్కిరి. పరుల పాలనలో నున్న ప్రజలకు, పాలకుల యాటలో పాలకులనే మించిన స్వజనుని చూచుట యెంతటి యుత్సాహమో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. భారతీయులు టెస్టుపందెముల కర్హులను నమ్మకము ఈ పర్యటనమున బలపడినది. 1928లో దేశమునకంతకు క్రికెట్టు బోర్డు ఏర్పడినది.

పిమ్మట 1932వ సంవత్సరము వచ్చెను. భారతజట్టు ఇంగ్లండునకు పయనమాయెను. ఆ కాలపు మర్యాద ననుసరించి పోరుబందరు మహారాజుగారిని నాయకునిగను, లింబిడీ రాజకుమారుని ఉపనాయకునిగను నియమించిరి. పోరుబందరు ప్రభువు వివేకి. తన యాట యంతంతమాత్రమని తానే గ్రహించి ప్రక్కకు తొలగెను. రాజకుమారునకు దెబ్బ తగిలెను. అప్పుడు నాయకత్వము నాయుడుగారికి వచ్చినది. రాజకుటుంబమున పుట్టనివానిక్రింద నాడుట జట్టులో కొందఱికి రుచింపలేదని చెప్పుదురు. అయినను జూన్ 25వ తేదీన లండనులోని లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టుపందెమునకు జట్టును నడపించుకొని వచ్చినవాడు మన కనకయ్యగారే. ఎదుటి నాయకుడు డగ్లస్ జార్డైన్, కఠినుడని పేరు మోసినవాడు. మనవారు మొదటి మూడు వికెట్లను 19 పరుగులకే పడగొట్టి ఇంగ్లండును తల్లడిల్లజేసిరి. నాయుడుగారు బంతి పట్టబోయి చేతికి గాయము చేసికొనియు, మొదటి యిన్నింగ్సులో మనవారందఱికంటె నెక్కువగా 40 పరుగులు చేసిరి. 158 పరుగుల తేడాతో మనము ఓడితిమి. ఓడినను తలవంపులు కాలేదు.

ఆ వేసవి ఇంగ్లండులో ఆయన 1,618 పరుగులు తీసి, 65 వికెట్లు పడగొట్టెను. 32 పర్యాయములు బంతిని మైదానము దాటించెను. బర్మింగుహామునందు ఆయన కొట్టిన బంతి యొకటి రియా అను చిన్న యేఱు దాటి పడినదనియు, ఆ యేఱు రెండు జిల్లాల పొలిమేర యగుటచే బంతి పొరుగు జిల్లాకు పోయినదనియు నేటికిని కథలుగా చెప్పుకొందురు. మరుసటి యేడు విజ్డెన్ అను ప్రసిద్ధ క్రికెట్ గ్రంథము ఆయనను ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారు లైదుగురిలో నొకనిగా నెన్నుకొనెను.

1933లో జార్డైను జట్టు మన దేశమునకు వచ్చినపుడును నాయుడుగారే నాయకులు. మన నేలమీద జరిగిన ఆ మొదటి టెస్టులో, బొంబాయియందు, లాలా అమరనాథ్ అను యువకుడు 118 పరుగులు చేసి దేశమున కంతకు నుప్పొంగు గలిగించెను. ఆ ప్రక్క నిలిచి, 67 పరుగులతో తోడు నడచిన పెద్ద నాయుడుగారు. కాని 1936లో నాయకత్వ మాయనకు దక్కలేదు. విజయనగర రాజకుమారునకు ఆ పదవి లభించెను. ఇరువురును తెలుగువారే! జట్టులో కలతలు రేగెను. తనకంటె తక్కువ యాటగానిక్రింద ఆడవలసివచ్చిన మనిషి యేమి చేయవలెను? అలుకబూని యింటికి రావచ్చును. నాయుడుగారు రాలేదు. ఓవలు మైదానమున తమ చివరి టెస్టులో, వేగముగ వచ్చిన బంతి ఱొమ్మున తగిలి బాధపెట్టినను నిలిచి 81 పరుగులు చేసిరి. మొత్త మాయన యాడిన టెస్టులు 7 మాత్రమే. చేసిన పరుగులు 350. లెక్క చూచిన చిన్నది. కాని దేశమునకు టెస్టు లేని కాలమునం దాయన యౌవనము గడచిపోయినదని గుర్తుంచుకొనవలెను. మొదటి టెస్టునాటికే ఆయనకు 36 ఏండ్లు.

ఇతరులైనచో ఇక్కడ కథ ముగియును. నాయుడుగారి కథలో సగము ఇక్కడనుండియే ప్రారంభమగును. హోల్కరు జట్టునకు నాయకుడై, దేశపు పెద్దపోటీ యగు రంజీట్రోఫీలో దానిని మాటిమాటికి తుదిపందెమునకు చేర్చి, 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరములలో నాలుగు పర్యాయములు గెలిపించెను. అందు మొదటి దాని తుదిపందెమున బరోడాపై 200 పరుగులు చేయునాటికి ఆయనకు ఏబదియేండ్లు నిండినవి! ఆలస్యముగా వచ్చువానిని, ఒళ్లు దాచుకొనువానిని ఆయన సహింపడని ప్రసిద్ధి. నాయకుడే యెండలో ముందు నిలిచినపుడు వెనుకవాడు నీడ కేల పోగలడు?

ఆంధ్రరాష్ట్రము 1953లో నేర్పడిన సంవత్సరముననే ఆంధ్రజట్టు రంజీట్రోఫీలో నడుగిడెను. నాగపురమున పుట్టి ఇందూరున నెదిగిన యీ వృద్ధవీరుడు అప్పుడు తన పూర్వుల గడ్డకు వచ్చి, ఆ క్రొత్తజట్టునకు నాయకుడయ్యెను. పిదప 1956-57లో ఉత్తరప్రదేశము పక్షమున నాడి రంజీపోటీలనుండి విరమించెను; అప్పటికి వయస్సు 61. ధర్మార్థమై జరిగిన యొక పందెమున 68వ యేటను బరిలో దిగెను. ప్రథమశ్రేణి పందెములు 207, పరుగులు 11,825, శతకములు 26, వికెట్లు 411. ఇది యాయన సంపాదించిన యాస్తి. 1956లో భారతప్రభుత్వ మాయనకు పద్మభూషణ బిరుద మొసగెను. 1967వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఇందూరున పరమపదించిరి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఆట కూడు పెట్టెనా? పెట్టెను. కాని ఎట్లు పెట్టెనో గమనింపుడు. టెస్టుపందెములు గాదు, సంస్థానపు కొలువు పోషించెను. 1941లో ఒక మందుల కంపెనీవారు ఆయన పేరును తమ టానిక్కు ప్రకటనకు వాడుకొనిరి. అటువంటి రాబడి మన క్రికెట్టాటగాండ్రలో ఆయనతోనే మొదలైనదందురు. నేడు రాజులు లేరు. రైల్వేలు, పోలీసుశాఖ, బ్యాంకులు ఆటగాండ్రకు కొలువు లిచ్చుచున్నవి. 2008నుండి క్రికెట్టునకును, 2014నుండి మన చెడుగుడునకును వేలముపాటలో ఆటగాండ్రను కొనుచున్నారు. ఆడపిల్లలకును ఈ దారి మూసియుండలేదు. శ్రీకాకుళము జిల్లా పల్లెబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము తెచ్చినది. భారతస్త్రీల కది మొదటి ఒలింపిక్ పతకము.

కొంతకాలము క్రిందట మా యూరి రైతొకడు నన్నడిగెను: “అయ్యా, మావాడు బాగుగ నాడుచున్నాడట. ఆటల పాఠశాలకు పంపుమనుచున్నారు. పంపుదునా, మానుదునా?” నే నాతనితో నిట్లంటిని: “పంపుము. కాని చదువు మాన్పింపకుము. వేయిమంది ఆడినచో ఒక్కనికి పేరు వచ్చును. పదిమందికి కొలువు వచ్చును. తక్కినవారికి ఆరోగ్యము, ఓర్పు, ఓటమిని మ్రింగుకొను శక్తి వచ్చును. ఆ తక్కినవారిలో నీ కొడుకుండిన యెడల వానిని చెడినవాడని యనకుము.” ఆతడు చాలసేపాలోచించి, “ఓటమిని మ్రింగుట సేద్యము గూడ నేర్పును గదయ్యా,” అనెను. నిజమే. అందుకనియే రైతుబిడ్డకు ఆట తగినది.

గ్రామపెద్దలకు నా విన్నప మొక్కటి. పిల్లవాని కొలువు మీచేతిలో లేదు. పిల్లవాడాడు నేల మీచేతిలో నున్నది. బడిప్రక్క ఖాళీస్థలమును ఒకడు కల్లము చేయును, ఒకడు కంచె వేయును, ఒకడు వామి వేయును. ఏడాది గడచునప్పటికి ఆడుటకు చోటుండదు. ఆపైన పిల్లలు చెడిపోయిరని మనమే వగతుము. హోల్కరు ప్రభువు పదవి నిచ్చెను. మీరు ఒక యెకరము నేలను కాపాడి యిచ్చిన చాలును. కనకయ్య నాయుడు ప్రతి పల్లెలో పుట్టకపోవచ్చును. పుట్టినవాడు నేల లేక మాయమైపోయెనను మాట మాత్రము మన యూరికి రాకుండుగాక.

సెలవు.